వదిన చేతిలో కత్తెర

మా మామయ్య కూతురు బట్టలు కుట్టే షాపులో కటింగు మాస్టరు. నాకు వదిన వరస కాబట్టి ఆటపట్టించడం నా జన్మహక్కు. గుడ్డ పరిచి సుద్దతో గీసిందంటే ఆమె కత్తెర ఆ గీత దాటదు. నోరు మాత్రం అన్ని గీతలూ దాటుతుంది.

ఈమధ్య ఎవరూ పిలవకపోయినా ఎవరో పిలిచినట్టు రెండు మూడుసార్లు అనిపించిందట. భయపడి తనే ఆసుపత్రికి వెళ్ళింది. తలకి వైర్ల టోపీ పెట్టి బీప్ శబ్దాలు వినిపించారు, రక్తం తీశారు. డాక్టరమ్మ విడమరిచి చెప్పింది: ఇవింకా పరిశోధనలో ఉన్న పరీక్షలు, వీటిని చూసి ఫలానా మనిషికి మతి చెదిరే జబ్బు వస్తుందని ఎవరూ చెప్పలేరు. అవకాశం మామూలుకన్నా కాస్త ఎక్కువ, అంతే. ఇలాంటివాళ్ళలో ఎక్కువమందికి రాదు. కంటినిండా నిద్రపో, దిగులు పెట్టుకోకు, అప్పుడప్పుడు వచ్చి కనిపించు.

మామయ్య నోట్లో నువ్వుగింజ నానదు. కాస్త కనిపెట్టుకుని ఉండండని షాపు ఓనరుకి చెప్పేశాడు. ఆయన ఆ పూటే కత్తెర లాక్కుని వదినని గుండీలు కుట్టే మూలకి తోశాడు.

నాకు ఒళ్ళు మండింది. అక్కడ వదిన నవ్వితే అనుమానం, నవ్వకపోతే ఇంకా అనుమానం. కునికిపాట్లు పడుతూ కోటుకి రెండూ ఎడమ చేతులే కత్తిరించిన పెద్ద మాస్టరు కత్తెర జోలికి మాత్రం ఎవరూ పోలేదు. నిద్రపొమ్మంది డాక్టరమ్మ, ఉన్న నిద్ర కాస్తా చెడగొట్టారు వీళ్ళు.

మర్నాడు షాపుకెళ్ళి, ఓనరు టీలో చక్కెర వెయ్యొద్దని టీ తెచ్చేవాడికి చెప్పాను. ఒక గుక్క తాగి ఆయన మొహం చేదుగా పెట్టాడు.

"మీ నాన్నగారికి షుగరు కదండీ," అన్నాను. "మీకూ వచ్చే అవకాశం ఉంది. ముందుజాగ్రత్త."

"నాకెక్కడుందిరా షుగరు?"

"వదినకెక్కడుందండీ జబ్బు?"

మిషన్లు ఆగాయి. అది వేరు అని ఓనరు నసిగాడు. వదిన లేచొచ్చి ముందు నా నెత్తిన ఒకటి మొట్టింది.

"నా గొడవ నేను చూసుకుంటాగానీ, నువ్వు పక్కకి జరుగు," అని ఓనరు ముందు చెయ్యి చాపింది. "కత్తెర ఇస్తారా, వేరే షాపు చూసుకోనా?"

సొరుగు తాళం తీయడానికి ఆయనకి చాలాసేపే పట్టింది. కత్తెర ఇచ్చి, బల్ల పక్కనే కాపలా నిలబడ్డాడు. వదిన పట్టుగుడ్డ పరిచి, తలెత్తకుండానే అంది:

"ఊరికే నిలబడే బదులు ఆ కొస పట్టుకోండి."

పట్టుకున్నాడు.