నల్లంచి ముందే లేచిందా?

మా మేడం ఇక లేరన్న కబురు వాట్సాప్‌లో మూడు గ్రూపుల్లో వచ్చింది. ఒకదాంట్లో నిన్న రాత్రి అని, ఇంకోదాంట్లో ఈ రోజు తెల్లవారుజామున అని. నమ్మబుద్ధి కాక, నాతో పాటు ల్యాబ్‌లో పనిచేసిన స్నేహితురాలికి ఫోన్ చేశాను. "నిజమేనే. నిద్రలోనే పోయారంట," అంది. ఫోన్ పెట్టేశాక కూడా ఆ మెసేజ్‌ల పక్కనున్న టైములే చూస్తూ కూర్చున్నాను. మేడం చూస్తే నవ్వేవారు.

ఆవిడ మా యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చెప్పేవారు. అడిక్‌మెట్ నుంచి నడిచే వచ్చేవారు. ల్యాబ్‌లో ఏసీ చలికి సాక్సులు తొడుక్కుని కూర్చునేవారు. డబ్బాలో సర్వపిండి ఉండేది. ఒక ముక్క తుంచి చేతిలో పెట్టాకే "ఇగ చెప్పు, ఏమైంది?" అనేవారు. ఏ శాఖ వాళ్ళమైనా, మా లెక్కలు ఎక్కడ తప్పుతున్నాయో వెతకడమంటే ఆవిడకు సరదా.

నేను ముప్పై దాటాక పీహెచ్‌డీలో చేరాను. వీధి దీపాల వెలుగులో బతికే నల్లంచి పిట్టలు చీకటి ఉండగానే కూత మొదలుపెడతాయా అన్నది నా ప్రశ్న. తార్నాకలో మా డాబా మీద ఒక మైకు పెట్టి నా పాత విండోస్ ల్యాప్‌టాప్‌కు కలిపాను. క్యాంపస్‌లో దీపాలు లేని చోట ఇంకో మైకు. అది నేరుగా ల్యాబ్‌లోని లినక్స్ సర్వర్‌లోకే రికార్డయ్యేది. ల్యాప్‌టాప్ ఫైళ్ళను వారానికోసారి పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, అదే సర్వర్‌లో అందరం వాడుకునే ఫోల్డర్‌లోకి కాపీ చేసేదాన్ని. ఏ కూత ఎప్పటిదో చెప్పడానికి ఫైలు పక్కన కనిపించే టైమే నాకు ఆధారం.

ఫలితం చూసి ఎగిరి గంతేశాను. తార్నాక పిట్ట దాదాపు అరగంట ముందే లేస్తోంది! కానీ ఇంటికి చేరేలోపే దిగులు పట్టుకుంది. ఇంత తేడానా? మైకు తప్పా, నా చెవి తప్పా, అసలు ఈ వయసులో చేరడమే తప్పా? సినాప్సిస్ ఇవ్వాల్సిన వారం అది. ఈ ఫలితం పోతే నా థీసిస్‌లో మిగిలేదేమీ లేదు. మేడం దగ్గరికి వెళ్ళి అంతా ఒక్క గుక్కలో చెప్పాను.

"ఆగమ్మా. అన్నిటి మీద ఒక్కసారే అనుమానపడితే ఏదీ తేలది. ఒక్కటి పట్టుకో. అది తేలినంక ఇంకోటి. ముందు గడియారాన్ని అడుగుదాం, పిట్ట యాడికి పోదు."

"ఫైలు మీద టైం ఉంది కదా మేడం?"

"ఉన్నది. ఎవరేసిన్రు ఆ టైం?"

బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసి ఆవిడ ముందు పెట్టాను.

మొదట టైం జోన్ చూశారు. ఒకే ఫైలును విండోస్‌లోనూ లినక్స్‌లోనూ పక్కపక్కన చూస్తే ఒకే టైం. "ఇది బరాబర్ ఉన్నది, కొట్టెయ్." తర్వాత ల్యాప్‌టాప్ నా ముందుకు జరిపి, తాను సర్వర్ దగ్గర కూర్చున్నారు. "నేను ఊ అనంగనే ఖాళీ ఫైలొకటి సేవ్ చెయ్. నేనూ గీడ చేస్త. రెడీనా? ఊ!"

నా ఫైలును ఆ ఫోల్డర్‌లోకి కాపీ చేసి చూశాం. ఒకే క్షణంలో పుట్టిన రెండు ఫైళ్ళ మధ్య ఇరవై నిమిషాలకు పైగా తేడా! క్యాంపస్ రికార్డింగులకు సర్వర్ తన టైం వేస్తోంది. తార్నాక ఫైళ్ళు మాత్రం కాపీ అయ్యాక కూడా ల్యాప్‌టాప్ వేసిన టైమునే వెంట తెచ్చుకుంటున్నాయి. ఇంట్లో దాన్ని నెట్‌కు కలిపేదాన్ని కాదు. లోపలి బ్యాటరీ నీరసించి దాని గడియారం రోజురోజుకూ వెనకబడుతూ వచ్చింది.

"అయితే నా పిట్ట ముందు లేవట్లేదా మేడం?"

"పిట్టనింక అడగనే లేదు, అప్పుడే ఏడుస్తవేంది? రెండు దిక్కులా ఒకేసారి వినవడే సప్పుడు ఏమన్న ఉన్నదా?"

ఆలోచించగా తట్టింది. క్యాంపస్ పక్క నుంచి పొద్దున్నే పోయే రైలు కూత రెండు మైకుల్లోనూ పడుతుంది. ఇద్దరం కూర్చుని ఒక్కో రోజు రికార్డింగులో ఆ కూతను వెతికి, రెండింటినీ జరిపి కలిపాం. అరగంట తేడా కరిగి కరిగి, కొద్ది నిమిషాల దగ్గర ఆగింది. అంతకన్నా తగ్గలేదు. తార్నాక పిట్టే ముందు.

"బాగా చిన్నదైపోయింది మేడం."

"అయితేంది? గిప్పుడిది పిట్టది. ఇంతకుముందున్నది గడియారంది."

ఆ కొద్ది నిమిషాల మీదే నా థీసిస్ నిలబడింది. ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. అనుమానాలు పోలేదు, పోతాయని ఆశ కూడా లేదు. వాటిని ఒక్కొక్కటిగా కూర్చోబెట్టి మాట్లాడించడం మాత్రం వచ్చింది. నేను సరిగ్గా నేర్చుకున్నానో లేదో చెప్పడానికి ఆవిడ లేరు.

లెక్క తేలిన రోజున, ల్యాబ్‌కు తాళం వేయబోతూ మేడం ఆగారు. "ఇంతకూ గా పిట్ట ఎట్ల కూస్తదే?" అన్నారు. అన్ని రోజులూ రైలు కోసమే చెవి పెట్టారు, పిట్టను వినలేదు. మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ తగిలించాను. ముందు లారీల మోత వచ్చి ఉంటుంది, మొహం చిట్లించారు. తర్వాత కళ్ళు మూసుకున్నారు. ఏదో చెప్పబోతే వద్దని చెయ్యెత్తారు. కాసేపటికి ఆ పెదవులు మెల్లగా గుండ్రంగా ముడుచుకున్నాయి, పిట్టకు ఈలతో బదులివ్వబోతున్నట్టు.