రాయుడి మర్యాద, ఓబులమ్మ పలుపులు

మా మాజీ సర్పంచి హనుమంతరాయుడు పోయిన నెల పోయాడు. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు, నాకు చేతకాదు. ఆయనకు జీవితమంతా కలిపి ఒక్క విద్యే వచ్చు, పెద్దవాడు కనిపిస్తే వంగడం. నడుం నొప్పని చేను మొహం చూడని మనిషి, తెల్లచొక్కా కనబడితే నేలను తాకేవాడు.

పంతొమ్మిదొందల ఎనభైలో, వరుసగా మూడో ఏడు వాన మొహం చాటేసినప్పుడు, కరువు చూడటానికి ఒక పెద్ద అధికారి హెలికాప్టర్లో బెళుగుప్ప వైపు పోతున్నాడు. మా ఊరి పైకి రాగానే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పైన రెక్కలు మాత్రం గాలికి తిరుగుతూనే ఉన్నాయి. ఊగుతూ వచ్చి ఓబులమ్మ బీడు చేలో దబ్బున దిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఓబులమ్మ మొగుడు లేని మనిషి. ఆమెకున్నదల్లా రెండెద్దులు, వాటి పక్కటెముకలు దూరం నుంచే కనబడేవి. ఆ అధికారి ఊ అంటే మా ఊళ్లో పశువులకు గడ్డి కేంద్రం పెడతారు. లేదంటే ఎద్దులు సంతకు పోవాల్సిందే. ఆమె పరుగెత్తుకొచ్చింది.

రాయుడు అంతకన్నా ముందే వచ్చాడు. అయ్యగారి బట్టలకు దుమ్ము అంటుతుందట. పొద్దుననగా బావి అడుగు నుంచి తోడుకున్న నీళ్లు, ఇంటికి రెండు బిందెలు, అన్నీ తెప్పించి అక్కడంతా చల్లించాడు. చివరి బిందెతో ఆయన కాళ్లకు నీళ్లిచ్చాడు. మోసింది మేమే, సిగ్గులేని జన్మలు.

"నీళ్లకూ మేతకూ ఇబ్బందిగా ఉందా?" అని అధికారి అడిగాడు.

"ఏమీ లేదు సామీ. మా ఊరికొచ్చినోళ్లకు ఎప్పుడూ లోటు చేయలేదు," అన్నాడు రాయుడు.

"సార్, నా ఎద్దులు..." అంది ఓబులమ్మ.

"ఊరి పరువు తీయొద్దు. పక్కకు పోమ్మా," అని రాయుడు అడ్డొచ్చాడు.

అధికారి తడినేల చూసి తలాడించాడు. మేమంతా నోళ్లు కుట్టుకుని నిలబడ్డాం. థూ, మా బతుకు. జీపు వచ్చి ఆయన్ని తీసుకుపోయింది, గడ్డి కేంద్రం పక్కూరికి పోయింది.

నెల తిరక్కుండానే ఓబులమ్మ ఎద్దులను అమ్మేసింది. ఎద్దును అమ్మినా దాన్ని కట్టేసే పలుపు కొన్నవాడికి ఇవ్వడం మాలో లేదు, విప్పి ఇంటికి తెచ్చుకుంటాం. ఆమె మాత్రం సంత నుంచి నేరుగా రాయుడి అరుగు దగ్గరికి వచ్చింది. అంత పెద్దాయన తన చేతి నీళ్లతో కాళ్లు కడుక్కున్నాడని అతను పదిమందికి చెప్పుకుంటున్నాడు. రెండు పలుపులూ అతని ఒళ్లో పడేసింది.

"ఉంచుకో రాయుడన్నా. ఈసారి పైనుంచి ఏమన్నా దిగితే కట్టేసుకో. మేత కూడా నువ్వే పెట్టు."