ఏ ప్లాస్టిక్‌కు ఏ గమ్ము

మొన్న మా కోడలు విరిగిన కళ్లజోడుకు గమ్ము పెడుతుంటే, ఆ ఘాటుకు నా కళ్లు చెమ్మగిల్లాయి. వెంటనే సాంబయ్య కాక గుర్తొచ్చాడు. ఎనభైల్లో హనుమకొండలోని ఒక స్టూడియోలో నేను నలుపు తెలుపు ఫోటోలకు రంగులద్దేదాన్ని. పక్క బల్ల దగ్గర కెమెరాలు బాగుచేసే ఆయన నాకు బంధువేమీ కాదు, అయినా మొదటి రోజు నుంచీ కాకే. నా చేయి వణకదని గమనించి, తన పని కూడా కొంచెం కొంచెంగా నేర్పాడు.

లెన్స్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ రింగు పగిలిందని ఎవరైనా తెస్తే, కాక వెంటనే గమ్ము ముట్టేవాడు కాదు. ముందు అద్దాలన్నీ విప్పి మెత్తటి గుడ్డలో చుట్టేవాడు. తర్వాత రింగు లోపలి వైపు, ఎవరికీ కనపడని చోట బ్లేడుతో పిసరంత గీకి, ఆ పొడి మీద క్లోరోఫాం చుక్క వేసేవాడు.

"చూడు బిడ్డా, మెత్తవడ్డదా? అంటే ఇది కరిగి దానికదే అతుక్కుంటది. మెత్తవడకపోతే గరుకు కాయితంతోని రుద్ది, రెండు ట్యూబుల గమ్ము కలిపి పెట్టాలె. కొన్నిటికి ఏదీ పట్టది. అప్పుడు సన్న పిన్ను కొట్టుడే."

"అన్నిటికీ ఒక్కటే గమ్ముంటే మంచిగుండు గద కాకా?"

"అన్ని రోగాలకు ఒక్కటే గోలీ ఇచ్చే డాక్టర్ దగ్గరికి నువ్వు పోతవా?" అని నవ్వాడు.

ఒకసారి కాక తన బిడ్డను చూసి రావడానికి ములుగు వెళ్లిన రోజున, కాశిబుగ్గ నుంచి మల్లేశం వచ్చాడు. మగ్గం నేస్తూనే పెళ్లిళ్లకు ఫోటోలు తీసేవాడతను. మర్నాడే తొర్రూరులో పెళ్లి, లెన్స్ రింగేమో పగిలింది. ఆత్రంలో నేను, బజారులోకి కొత్తగా వచ్చిన, క్షణంలో అంటుకునే గమ్ము తెచ్చి, అద్దాలు విప్పకుండానే అతికించి మూత పెట్టేశాను. మధ్యాహ్నం మూత తీస్తే గమ్ము ఆవిరి పట్టి, లోపలి అద్దం నిండా కంటిపొరలా తెల్లటి పొర.

సాయంత్రం ఎండ ఉండగానే కాక తిరిగొచ్చాడు. అప్పటికే వచ్చి ఉన్న మల్లేశం, "చెమ్మ వట్టిందేమో కాకా," అంటున్నాడు. నేను ఊరుకుంటే తప్పు చెమ్మ మీదకే పోయేది. కాక లెన్స్‌ను కిటికీ వెలుతురుకు పెట్టి చూసి, నా వైపు తిరిగాడు. అరవలేదు.

"ఏమైందో నువ్వే చెప్పు బిడ్డా."

మల్లేశం వైపు తిరిగాను. "నేనే ఖరాబు చేసిన అన్నా. అద్దాలు విప్పకుండ గమ్ము పెట్టిన," అన్నాను.

మల్లేశం మొహం వాడిపోయింది. "రేపు పెండ్లి ఎట్ల తియ్యాలె?"

"ఫికర్ చెయ్యకు. జర ఆగు," అంటూ కాక అద్దాన్ని విడదీసి, దూదీ, గమ్మును కరిగించే అసిటోన్ సీసా నా ముందే పెట్టాడు. "అద్దానికే తగలాలె. ప్లాస్టిక్‌కు తగిలితే అది గూడ పోతది."

"నువ్వే చెయ్యి కాకా," అన్నాను. సీసా ఆయన వైపు జరిపాను.

"నువ్వే చెయ్యాలె. నేను పక్కనే ఉన్న గద."

దూది మార్చి మార్చి తుడిచాను. పొర కొంచెం కొంచెంగా విడిపోయింది. అంచున మాత్రం చిన్న మరక మిగిలింది. మల్లేశం కెమెరాలోంచి చూసి, "చాలక్కా, నడుస్తది," అన్నాడు. తర్వాత కొన్ని నెలలకు ఇంకో లెన్స్ తెచ్చినప్పుడు, కాక చేయి చాపినా ఇవ్వకుండా నా బల్ల మీద పెట్టాడు. కాక మొహం వెలిగిపోయింది.

ఆయన పోయాక చాలా ఏళ్లు ఆ పని నేనే చేశాను. పొరపాట్లు తర్వాత కూడా జరిగాయి. జరిగిన ప్రతిసారీ, ఎదుటివాళ్లు అడగకముందే చెప్పేశాను. ఇంట్లోనైనా, బయటైనా ఇప్పటికీ అంతే. చెప్పడం ఈనాటికీ కష్టమే. చెప్పేశాకే చేతులు పనికి లేస్తాయి.