అమెరికా నాటకంలో నోరు మెదపని వేషం

మా వైపు నాకు కోతలరాయుడని పేరుంది. అది అన్యాయం. నేను జరిగిందే చెబుతాను, కాకపోతే అది ఆగినచోట ఆగకుండా ఇంకో నాలుగడుగులు వేస్తాను. వయసులో ఉన్నప్పుడు పద్యనాటకాల్లో రాజు వేషం కట్టి నేను తీసిన రాగం వినుకొండ కొండకు తగిలి, మర్నాడు పాలు పితికే వేళకు ఊళ్ళోకి తిరిగొచ్చేది. నమ్మకపోతే కొండనే అడగండి, అది ఇంకా అక్కడే ఉంది.

అట్టాంటి నాకు మా మేనకోడలు ఒక వేషం ఇచ్చింది. నాటకం మొత్తానికీ ఒకే ఒక్క మాట.

"ఒక్క పేజీయా?" అన్నాను.

"పేజీ కాదు మామయ్యా, మాట. 'కొట్టు మూసేశా.' అంతే. అదీ చిట్టచివర."

ఆ పిల్ల హైదరాబాదులో నాటకాల చదువు చదివి నరసరావుపేట తిరిగొచ్చింది. అమెరికా వాళ్ళ నాటకాలంటే ప్రాణం. ఆ పద్ధతిలో మన సంగతి చెప్పాలని సొంతంగా ఒక నాటకం రాసుకుంది. శావల్యాపురం దగ్గర ఒక ఊళ్ళో ఏటా నాటక పోటీలు పెడతారు. అక్కడి కమిటీ ప్రెసిడెంటు ఆమెకు ఒక సాయంత్రం ఇచ్చాడు, ఇస్తూ ఒక షరతు పెట్టాడు.

"చూడమ్మా, మా జనం పద్యానికి అలవాటు పడ్డోళ్ళు. నీ నాటకం అయిందాకా కూర్చున్నారా, ఏటా నీకొక సాయంత్రం. మధ్యలో లేచిపోయారా, ఇక మా పందిట్లో కొత్త నాటకం మాట ఎత్తగూడదు."

సరేనని వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "మామయ్యా, నా నాటకం నీ నోట్లో ఉంది. అది మూసుకుంటేనే బతుకుద్ది."

రిహార్సళ్ళు మా డాబా మీద. మొదటిరోజు పాఠం చెప్పింది. ఒకప్పుడు అమెరికాలో కూడా మనలాగే ఏడుపులూ అరుపులూ, దుర్మార్గుడికి మెలితిప్పిన మీసాలూ ఉండేవట. తర్వాత కొందరొచ్చి బతుకు ఎట్టా ఉంటే అట్టాగే చూపించాలన్నారట. స్టేజీ మీద నిజం ఇల్లు కట్టారు, నిజం పొయ్యి వెలిగించారు. మూడు గోడలు కనపడతాయి. నాలుగోది ఉన్నట్టే లెక్క. జనం దాంట్లోంచి చాటుగా చూస్తుంటారు గానీ, నటుడికి మాత్రం జనం కనపడగూడదు. ఇది చాలదని మరికొందరు మనిషి బుర్రలోని భయాన్నే సెట్టింగుగా వేశారట, గోడలన్నీ వంకరగా పెట్టి. ఇంకొందరు అసలు సామానే దండగన్నారు, ఖాళీ స్టేజీ చూపించి ఊరనుకోమన్నారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు నాలుగో గోడను కాలితో తన్ని జనంలోకే దూకారు.

"మనం ఏది?" అన్నాను.

"మూడు గోడలది."

నేనీ పాఠాన్ని టీకొట్టు దగ్గర కాస్త విస్తరించి చెప్పాను. అమెరికాలో ఒక నాటకానికి ఇల్లు ఎంత నిజంగా కట్టారంటే, మునిసిపాలిటీ వాళ్ళొచ్చి పన్ను వేసిపోయారన్నాను. నాటకం అయిపోయినా తాత వేషం వేసినాయన ఇల్లు ఖాళీ చేయనంటే కోర్టులో దావా పడిందన్నాను. పక్కన టీ తాగుతున్న మెకానిక్ భాయ్ అంతా విని, "మరి నాలుగో గోడ లేకపోతే చలి కొట్టదా అన్నా?" అన్నాడు.

"అందుకేగా భాయ్, వాళ్ళు కోట్లు వేసుకుని నటించేది!"

కోతలు సరే, డాబా మీద మాత్రం నాకు చుక్కలు కనపడ్డాయి. నాది బట్టల కొట్టాయన వేషం. ఆ రోజే కొట్టు ఇక తెరవకుండా మూసేసి ఇంటికొచ్చాడు. పెళ్ళాం వంట చేస్తూ కబుర్లు చెబుతుంటుంది, కూతురు కొట్టుకి కొత్త బోర్డు రాయిద్దామని ముచ్చటపడుతుంటుంది. ఈయన అన్నం ముందు కూర్చుని చెప్పలేక ఊరుకుంటాడు.

"కనీసం దగ్గనా?" అని అడిగాను.

"నువ్వు దగ్గితే వెనకాలే పద్యం వస్తది. వద్దు."

ఆ సాయంత్రం పందిరి నిండిపోయింది. ముందు మాది, మా తర్వాత పద్యనాటకం. ఆ జట్టు హార్మోనిస్టు పెందలాడే వచ్చి, స్టేజీ పక్కన తన చోట్లో పెట్టె సర్దుకుని కూర్చున్నాడు. నా రాజు వేషాలన్నిటికీ వాయించింది ఆయనే. నన్ను చూసి కళ్ళెగరేశాడు.

తెర లేచింది. పెళ్ళాం వేషం వేసినావిడ గ్యాసు పొయ్యి వెలిగించి నిజంగానే పోపు పెట్టింది. ఆ వాసన మాచవరం దాకా పోయిందని నేను చెప్పను, దారిలోనే ఎక్కడో ఆగిపోయింది. "ఎల్లిపాయ దంచి వేశావా అమ్మా?" అని జనంలోంచి ఎవరో అడిగారు. ఆవిడ క్రమశిక్షణ గల నటి, తల తిప్పలేదు.

కూతురు వేషం అమ్మాయి అంది: "నాన్నా, కొత్త బోర్డుకి లైట్లు కూడా పెట్టిద్దాం."

నేను కలుపుతున్న అన్నంలో చెయ్యి ఆపాను. ఊరుకున్నాను.

మా వైపు స్టేజీ మీద మనిషి ఊరుకున్నాడంటే అర్థం ఒక్కటే, మాట మరిచిపోయాడని. ముందు జాలిపడ్డారు. తర్వాత, "ఒరేయ్, మాట అందియ్యండిరా ఎవరన్నా!" అని ఒకరు. "పాపం, వయసు మీద పళ్ళా?" అని ఇంకొకరు. "రాగం తియ్యి మావా, అదే వస్తది!" అని వెనకనుంచి.

అప్పుడు హార్మోనిస్టు, పాపం నా మీద ప్రేమతోనే, శ్రుతి పట్టాడు. ఎవరి శ్రుతో కాదు, నా శ్రుతి.

దాని సంగతి మీకు తెలీదు. నా వెన్ను దానంతటదే నిటారైంది. ఎడమచెయ్యి చెవి దాకా లేచింది. పందిట్లో ఈలలు మొదలయ్యాయి. వెనక వరుసల్లో కొందరు, ఇది తేలే వ్యవహారం కాదన్నట్టు, లేచి తుండుగుడ్డలు దులుపుకుంటున్నారు. ముందు వరుసలో ప్రెసిడెంటు మెడ తిప్పి వాళ్ళనే చూస్తున్నాడు. పక్కతెర సందులో మా పిల్ల కనపడింది. కోప్పడట్లా. నాకు దండం పెడుతోంది.

లేచిన చేత్తో చెవి గోక్కున్నాను. రెండో చేతిలో ముద్ద నోట్లో పెట్టేసుకున్నాను. నమలలేదు. నమిలితే మింగాలి, మింగితే నోరు ఖాళీ అవుద్ది, ఖాళీ అయితే రాజు బయటికొస్తాడు.

"ఆపవయ్యా నీ పెట్టె!" అని ఒక కేక. స్టేజీ ముందు పరిచిన పట్టా మీద కూర్చున్న ఒక పెద్దావిడ. "ఆ మడిసి మరిచిపోలా. చెప్పలేక కూర్చున్నాడు. ముద్ద దిగట్లేదు, కనపట్టంలా?"

హార్మోనిస్టు చేతులు తీసేశాడు.

"ఏందంట చెప్పలేంది?" అని నిలబడ్డవాళ్ళలో ఒకాయన.

"ఎవరితోనన్నా తగువేమో."

"తగువు కాదు. బోర్డు మాట ఎత్తంగానే చెయ్యి ఆగింది, చూళ్ళా? కొట్టుదే ఏదో అయ్యుంటది."

ఆ సంగతేందో తేల్చుకోవాలని లేచినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. పెద్దావిడ స్టేజీ అంచు దాకా జరిగి, గొంతు తగ్గించి నన్నే అడిగింది: "ఏమయ్యా, కొట్టు మూసేశావా?"

నాకున్నది ఒక్కటే మాట. దాన్ని కూడా లాగేసుకుంది! నాలుగో గోడ లెక్క ప్రకారం ఆవిడ నాకు కనపడగూడదు. కానీ అంత ఆపేక్షగా అడిగితే కనపడకుండా ఎట్టా పోద్ది? ఆవిడ వైపు చూసి తలూపాను.

పందిరంతా "అయ్యో" అంది. పెళ్ళాం వేషం ఆవిడ పొయ్యి ఆపి, వచ్చి నా పక్కన కూర్చుంది. అది నాటకంలో లేదు. తెర వేసేశారు.

లోపల మా పిల్ల నా మీదకొచ్చింది. "అంత బాగా లాక్కొచ్చి, చివర్లో గోడ పడగొట్టావు మామయ్యా!"

"ఏమే, నేను ఒక్క మాటన్నా మాట్లాడానా?"

"ఆ ఒక్క మాటేగా నిన్ను మాట్లాడమంది!"

అవతల న్యాయనిర్ణేతలు తగువులాడుకుంటున్నారు. ఇది మూడు గోడల పద్ధతని ఒకాయన, కాదు గోడ తన్నేసిన పద్ధతని ఇంకొకాయన. మూడో ఆయన పోపులో ఏమేం వేశారని కనుక్కుంటున్నాడు. మాకు బహుమతి రాలేదు.

ప్రెసిడెంటు లోపలికొచ్చాడు. మా పిల్ల చున్నీ కొస నలుపుకుంటూ, తనే ముందు ఒప్పేసుకుంది. "కొందరు లేచారు బాబాయ్."

"లేచారు. మళ్ళీ కూర్చున్నారు గదా. నా షరతులో లేచి కూర్చున్నోళ్ళ సంగతి లేదు." ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "వచ్చే ఏడు కూడా నీ సాయంత్రం నీదే. కాకపోతే ఈసారి మా జనానికి కూడా మాటలు రాసియ్యి, ఇట్టా ఎవడికి తోచింది వాడు అనకుండా. ఇప్పుడే బయట ఆడోళ్ళంతా పట్టుకున్నారు నన్ను, ఆ కొట్టాయన తర్వాత ఏమైపోయాడని."

ఏమయ్యాడో నాకు బాగా తెలుసు. చెబుదామని గొంతు సవరించుకున్నాను. మా పిల్ల నా నోటి మీద చెయ్యి పెట్టింది.