మూడు రెగ్యులేటర్ల దీపం

ఆ రోజుల్లో సినిమాల్లో కనిపించే దీపాన్ని నమ్మడమంత అమాయకత్వం ఇంకోటి లేదు. తెర మీద ప్రమిద వెలుగులో హీరోయిన్ ముఖం మెరుస్తుంటే మీరు హాల్లో ముక్కులు చీదుకునేవారు గానీ, ఆ ప్రమిద ఉత్త ఉత్సవ విగ్రహం. కెమెరాకి ఆనేంత వెలుగు దానికెక్కడిది? అసలు వెలుగంతా గోడ చాటునో మంచం కిందో నక్కిన బల్బులది. వాటిని దీపంలా రెపరెపలాడించడానికి ఓ మనిషి కావాలి. (ఇప్పుడు లైటుకి ఫోను కలిపి ‘కొవ్వొత్తి’ అని నొక్కితే అదే ఆడుతుంది. నొక్కేసి వెళ్ళి టీ తాగి రావచ్చు.) ఆ రోజుల్లో ఆ మనిషిని నేనే.

అది నా మొదటి సినిమా. అమ్మ ఉద్దేశంలో ఆఖరిది కూడా. రాజమండ్రిలో చర్చి వాళ్ళ బడిలో టీచరు కాబట్టి ఆవిడ తీర్పు చెబితే ఇంట్లో అప్పీలు ఉండేది కాదు. కాకినాడ ఎరువుల ఆఫీసులో మావయ్య నాకోసం కంప్యూటరు ముందు ఓ కుర్చీ ఆపి ఉంచాడు. “ఈ సినిమావాళ్ళు నిన్ను ముందు ముందు కూడా ఉంచుకుంటామంటే సరే. లేదంటే సోమవారం కాకినాడ బస్సెక్కాల్సిందే” అంది అమ్మ. ఉంచుకోవాలో వద్దో తేల్చేది మా కెమెరామన్ గారు. వెలుగు కొలిచే మీటరు ఎప్పుడూ మెడలో వేలాడుతుండేది కనుక ఆయన్ని మేమంతా ‘మీటరు గారు’ అనేవాళ్ళం (ఆయన వినబడనంత దూరంలో ఉన్నప్పుడు). “ఈ దీపం సీను నీ చేతిలో పెడుతున్నానమ్మాయ్. కుదిరితే తర్వాతి షెడ్యూలుకీ వస్తావు. కుదరకపోతే మీ మావయ్య గారికి నా నమస్కారాలు చెప్పు” అన్నారాయన.

ఆత్రేయపురం దగ్గర ఓ రైతు గారి డాబా ఇంట్లో షూటింగు. మిట్టమధ్యాహ్నం కిటికీలకి నల్లగుడ్డలు కట్టి రాత్రి చేసేశాం. కరెంటు పోయిన ఇంట్లో, ప్రమిద ముందు కూర్చుని, రాని మొగుడి కోసం హీరోయిన్ ఏడవాలి. చాటున మూడు బల్బులు పెట్టి, వాటికి నారింజ రంగు కాగితం చుట్టి, ఒక్కోదానికి ఒక్కో ఫ్యాను రెగ్యులేటరు తగిలించాను. (అంతకన్నా ఖరీదైన సరంజామా పెద్ద సినిమాలకుండేది. మాది ఫ్యాన్ల కొట్టు స్థాయి.) ‘యాక్షన్’ అనగానే నాకు పూనకం వచ్చింది. మూడింటినీ ఒకేసారి పైకి తిప్పా, కిందికి తిప్పా, మళ్ళీ పైకి తిప్పా. గది మొత్తం వెలగడం, ఆరడం, వెలగడం. “కట్! ఇదేమన్నా పెద్దాపురం మరిడమ్మ జాతర అనుకున్నావా?” అన్నారు మీటరు గారు.

రెండో టేకు సగంలో ఉండగా ఉన్నట్టుండి నిజంగానే అంతా చీకటైపోయింది. హీరోయిన్ కెవ్వుమంది. బయటికి పరుగెత్తి చూస్తే వరండాలో లైన్‌మేన్ ఫ్యూజు పీకి చేత్తో పట్టుకుని ఉన్నాడు, పక్కన ఇంటాయన భుజం మీద తువ్వాలు సర్దుకుంటున్నారు. “ఇదేంటండీ?” అని డైరెక్టరు గారు అరిచినంత పని చేశారు. “ఆయ్, ఓల్టేజీ ఆడిపోతోందండి. తలుపు సందులోంచి ఇందాకట్నుంచీ చూస్తున్నాను. మా ఇంటికొచ్చి ఇలాంటి కరెంటుతో అవస్థ పడ్డారంటే రేపు మా పరువేం కావాలండీ? మీరలా కూర్చుని పూతరేకులు తింటూ ఉండండి, ఈయన చిటికెలో చూసేస్తారు” అన్నారు ఇంటాయన. లైన్‌మేన్ నా బల్బుల వంక జాలిగా చూసి “ఇయ్యి కరెంటు తాగేత్తాయండి. ట్యూబులైటు పెట్టించుకోండమ్మా” అని సలహా కూడా ఇచ్చాడు. మీటరు గారు పూతరేకు నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలి, “నా దీపాలు చూసి దణ్ణాలు పెట్టినవాళ్ళున్నారు. కరెంటాయన్ని పిలిపించిన దీపం నీదొక్కటే. రేపు మధ్యాహ్నం మళ్ళీ తీద్దాం. ఇక అదే ఆఖరు” అన్నారు. నేను నవ్వబోయి ఏడ్చాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, క్రిస్మస్‌కి కొన్నవాటిలో మిగిలిన కొవ్వొత్తి ఒకటి వెలిగించి, దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. అసలు మంట ఎలా కదులుతుందో చూడాలి కదా! రెప్ప వెయ్యకుండా చూస్తే కళ్ళు నీళ్ళు కారాయి. అమ్మ తలుపు తోసి చూసి, వెనక్కెళ్ళి పాస్టరు గారికి ఫోను చేసింది. “మా అమ్మాయిలో మార్పొచ్చిందండి” అనడం నాకు స్పష్టంగా వినపడింది. ఆయన రానే వచ్చారు. వచ్చినాయన కొవ్వొత్తికి అవతల కూర్చుని, నా కోసం సుదీర్ఘమైన ప్రార్థన ఎత్తుకున్నారు. నిజం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. అయితే ఒక సంగతి గమనించాను. ఆయన మామూలుగా మాట్లాడుతున్నంతసేపూ మంట బుద్ధిగా నిలబడే ఉంది. ‘హల్లెలూయా’ అన్నప్పుడు మాత్రం ఆ ఊపిరి తగిలి చటుక్కున వంగి, మళ్ళీ తాపీగా లేచింది. వంగడం తొందరగా, లేవడం నెమ్మదిగా! అంటే దీపం ఎక్కువసేపు ఊరుకునే ఉంటుందన్నమాట. ఊరుకోనిది నేను. చున్నీ కింద నా వేళ్ళు లేని రెగ్యులేటర్లని తిప్పడం మొదలెట్టాయి. అది చూసి, నా మీదికి పరిశుద్ధాత్మ దిగిందనుకుని, అమ్మ మరింత గట్టిగా ‘ఆమెన్’ అంది. ప్రభువు నన్ను క్షమించుగాక, అంత శ్రద్ధగా నేను ఇంకే ప్రార్థనా వినలేదు.

మర్నాడు అమ్మ బడికి సెలవు పెట్టి నాతోపాటు వచ్చి, ఇంటాయన వేయించిన కుర్చీలో కూర్చుంది. టేకు మొదలైంది. నేను మనసులో పాస్టరు గారి ప్రార్థన నడుపుకుంటూ, చాలాసేపు వేలు కదపలేదు. తర్వాత ఒక్క బల్బుని వంచాను, మెల్లగా లేపాను. కాస్త ఆగి రెండోదాన్ని. గోడ మీద నీడ తల తిప్పింది. హీరోయిన్ ఏడుపు అందుకుంది. ఎప్పుడూ ఏదో ఒకటి సణిగే మీటరు గారు ఈసారి కెమెరాలోంచి కన్ను తియ్యలేదు.

అంతలో గుమ్మానికి కట్టిన నల్లగుడ్డ పక్కకి తోసుకుని, నూనె గిన్నెతో ఇంటావిడ లోపలికొచ్చేశారు. హాల్లో కూర్చున్న ఆవిడకి గోడ మీద వెలుగొక్కటే కనబడిందట. “అయ్యో అయ్యో, దీపం కొండెక్కేస్తోందర్రా! ఇంతమంది మగాళ్ళున్నారు, శుక్రవారం పూటా కాస్త నూనె పొయ్యడానికి చేతులు రాలేదేంటి?” అంటూ తిన్నగా కెమెరా ముందుకెళ్ళి ప్రమిద నింపేశారు. అంతటితో ఆగారా? హీరోయిన్ గడ్డం పుచ్చుకుని “ఊరుకో అమ్మా, నూనెకేం, ఇంట్లో బోలెడుంది. దీనిక్కూడా ఏడుస్తారా?” అన్నారు.

డైరెక్టరు గారు తల పట్టుకుని కూలబడ్డారు. ఆఖరు టేకూ పోయింది. నాకు కళ్ళ ముందు కాకినాడ బస్సు, అందులో కిటికీ పక్క సీటు కూడా కనబడ్డాయి. అప్పుడు వినిపించింది నవ్వు. మీటరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. “పెద్దమ్మ గారూ, దీపానికేం కాలేదండి. ఆ రెపరెపలన్నీ మా అమ్మాయివి” అని నాకు అడ్డంగా ఉన్న నల్లగుడ్డ తొలగించి చూపించారు. ఆవిడ రెగ్యులేటర్లనీ నన్నూ ఎగాదిగా చూసి “దీంతోనా? మా ఇంట్లో దీంతో ఫ్యానే సరిగ్గా తిరగదు కదమ్మా!” అన్నారు. మీటరు గారు నావైపు తిరిగి “ఇంకో టేకు తీసేద్దాం, అచ్చం ఇలాగే ఆడించు. తర్వాతి షెడ్యూలు మారేడుమిల్లిలో. చలిమంట సీనుంది. మంట నీదే” అన్నారు. నాకు ఆయన కాళ్ళ మీద పడాలో, ఇంటావిణ్ణి కౌగిలించుకోవాలో తెలియలేదు. వరండాలోంచి అమ్మ గొంతు వినబడింది, ఫోన్లో. “అన్నయ్యా, ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇప్పించెయ్. మా పిల్ల నిప్పు లేకుండా మంటలు పెట్టి బతుకుతుందట. ఏమో మరి, జీతమిచ్చే పెట్టించుకుంటారట!”

సినిమా రాజమండ్రిలో ఆడిన కొద్దిరోజుల్లోనే అమ్మ నన్ను లాక్కెళ్ళింది. ఆ సీను రాగానే పక్కసీటావిణ్ణి మోచేత్తో పొడిచి “అదిగోనండి, మా అమ్మాయి” అంది. పాపం ఆవిడ తెరంతా వెతికి “ఎక్కడండీ? హీరోయిన్ తప్ప ఎవరూ లేరుగా?” అంది. “ఆ పిల్ల బుగ్గ మీద వెలుగు తగ్గి మళ్ళీ లేచింది చూశారా? అదేనండి మా అమ్మాయి” అంది అమ్మ, బాల్కనీ దాకా వినబడేలా. నేను సిగ్గుతో సీట్లోంచి కిందికి జారిపోయి, చున్నీతో మొహం కప్పుకున్నాను. వెర్రి మొహాన్ని! ఇప్పుడైతే జారను. లేచి నిలబడి “అవునండీ, అది నేనే” అంటాను.