తెల్లగా కడిగిన స్పాంజి

ఏళ్ల తరబడి గొంతులో ముల్లులా ఉన్న మాట ఇవాళ మీ ముందు కక్కేస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

మాది నేత కుటుంబం. విజయవాడ వచ్చి అన్నయ్యా నేనూ బట్టల కొట్టు పెట్టుకున్నాం. ఉండేది ఒకే ఇంట్లో. హాల్లో అన్నయ్య చేపల తొట్టి ఉండేది. దానికి బుడగలు వదిలే చిన్న స్పాంజి ఫిల్టర్ చాలనేవాడు. నేను ముచ్చటపడి మోటారుతో నీళ్లు తోసే పెద్ద పవర్ ఫిల్టర్ కొనుక్కొచ్చాను. అట్టపెట్టె విప్పకుండానే అటక మీద పడేశాడు.

"దాని ఉధృతికి నా ఏంజెల్ చేపలు కొట్టుకుపోతాయిరా. నీకేం తెలుసని కొన్నావు?" అన్నాడు, చుట్టాలందరి ముందూ.

ఒళ్లు మండిపోయింది. ఫిల్టర్ కోసమేనా అంత కోపం? కాదు. కొట్లోనూ ఇంట్లోనూ ఆఖరి మాట ఎప్పుడూ వాడిదే.

ఆ శుక్రవారం వదిన బ్లీచింగ్ నీళ్లతో ఇల్లు కడుగుతోంది. ఆమె పెరట్లోకి వెళ్లగానే నేను స్పాంజి బయటికి లాగాను. రంగు వేసేముందు మా ఇంట్లో నూలుని బ్లీచింగ్ నీళ్లలో ముంచి తెల్లబరిచేవాళ్లం. చిన్నప్పటి నుంచీ చేసిన పనే. స్పాంజినీ అలాగే వదిన బకెట్లో ముంచి, సరిగా జాడించకుండానే తొట్టిలో పెట్టేశాను. దాని మురికిలోనే నీళ్లను బాగుచేసే సూక్ష్మజీవులుంటాయని, తొట్టి నీళ్లతో తప్ప కడగకూడదని అన్నయ్య లక్షసార్లు చెప్పాడు. తెలిసే చేశాను. నీళ్లు పాడైతే నా ఫిల్టర్ పెడతాడనుకున్నాను, అంతే. అంతేనా? ఒక్క చేపైనా చావాలని కోరుకోలేదా? కోరుకున్నాను.

మధ్యాహ్నం అన్నయ్య భోజనానికి వచ్చేసరికి అన్నీ వెల్లకిలా తేలాయి. స్పాంజి తీసి వాసన చూసి వదినను పిలిచాడు.

"శుక్రవారం కడుగుళ్లు నీవేగా? దీన్ని కూడా కడిగావా?"

"నేను ముట్టుకోలేదండీ," అంది వదిన.

నా వైపు తిరిగాడు. "ఒరేయ్, నువ్వు చూశావా?"

"నాకేం తెలుసు అన్నయ్యా. పొద్దున వదినే అక్కడ బ్లీచింగ్‌తో తుడుస్తోంది."

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. వాడు వదిన జుట్టు పట్టుకుని తొట్టి అంచుకేసి కొట్టాడు. అద్దం పగిలింది. నీళ్లూ చచ్చిన చేపలూ నెత్తురూ గచ్చంతా పారాయి. కింద పడినామెను లేపి ఎడమ చెవి మీద చాచి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. నేను గోడకు ఆనుకుని చూశాను. అడ్డుపడింది పక్కింటివాళ్లు. కర్ణభేరి చిట్లిందన్నారు డాక్టరు. కొట్టిన పాపం వాడిదే, దాన్ని నేను మోయను. కానీ వాడిని ఆమె మీదికి తోలింది నేను.

తర్వాత అన్నయ్య కొత్త తొట్టి తెచ్చి, అటక మీది పవర్ ఫిల్టర్ దించి పెట్టాడు. "నువ్వన్నదే నయంరా," అన్నాడు. గెలిచాను. ఛీ.

ఆ ఫిల్టర్ ఇప్పటికీ గుయ్యిమంటూ తిరుగుతోంది. నిన్న అన్నం పెడుతూ వదిన అంది, "ఇటు కూర్చో అబ్బాయ్, అటువైపు మాట్లాడితే నాకు వినపడదు." ఆమెకు వినపడే వైపుకి జరిగాను. కూర కాస్త వేయమన్నాను, అసలు మాట మాత్రం చెప్పలేదు.

స్పాంజి కడిగింది నేను. వదిన దాన్ని ముట్టుకోలేదు. ఇలా రాశాక గుండె కొంచెం తేలికపడింది. అలా తేలికపడినందుకూ సిగ్గేస్తోంది.