సగం గ్లాసు టీ, రెండు ట్రాన్స్‌మిటర్లు

1968 వేసవి. శ్రీకాకుళంలో నేను రేడియో రిపేరు కొట్టు తెరిచి అప్పటికి ఆరేళ్లు. మూత విప్పకుండా, చెవి ఆనించి సెట్టు జబ్బు చెప్పేస్తానని పేరొచ్చింది. ఆ పేరు కాస్త తలకెక్కింది కూడా. కుదురుగా కూర్చునే మనిషిని కాదు. ఒక సెట్టు బాగవకముందే రెండోదాని మూత తీసేవాణ్ణి.

ఒకరోజు పొందూరు నుంచి జీవరత్నం గారు వచ్చారు. ఎయిర్‌ఫోర్సులో మెకానిక్‌గా చేసి రిటైరయిన ఆయన్ని అందరూ సార్జెంటు గారనేవారు. రెండు పెట్టెలు బల్ల మీద పెట్టారు.

"బాబూ, రెండేళ్లు కూకొని సిన్న ఇమానం సేసినాను. దాన్ని కింద నుంచి నడిపే ట్రాన్స్‌మిటర్లు ఇయి. ఒకటి నా పాతది. రెండోది మా మేనల్లుడు ఓడ మీంచి తెచ్చినాడు. సోమారం ఆడు ఎల్లిపోతాడు, సెట్టట్టుకుపోతాడు. ఆదివారం ఏదాంతో ఎగరెయ్యాలో సూసి సెప్పు."

"అంత తొందరేటండి?" అన్నాను.

"ఈ ఏడు ఎగరకపోతే ఇంక నా సేత ఎగరదు," అన్నారు. ఎందుకని నేను అడగలేదు.

పాతది రీడ్ సెట్టు. దాని మీద చిన్న చిన్న స్విచ్చులుంటాయి. స్విచ్చు నొక్కితే విమానం తోక పూర్తిగా తిరుగుతుంది, వదిలితే తిన్నగా వస్తుంది. మధ్యే మార్గం లేదు. కొత్తది ప్రొపోర్షనల్. దానికి స్టిక్కు, అంటే చిన్న పుల్ల, ఉంటుంది. వేలితో ఎంత జరిపితే తోకా అంతే జరుగుతుంది. అలాంటి సెట్టు నేను ముట్టుకోవడం అదే మొదలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

శనివారం పొందూరు వెళ్లాను. విమానం జెట్ ఆకారంలో ఉన్నా, ముక్కుకి మాత్రం మామూలు ప్రొపెల్లరే. లోపల జీలుగుబెండు, రెక్కల మీద ఊరి సన్న ఖద్దరు అతికించి వార్నిష్ పూశారు. ఆయన భార్య రూతమ్మ గారు టీ తెచ్చారు. నాకు నిండు గ్లాసు, ఆయనకి సగం గ్లాసు.

"సార్జెంటు గారికి రేషనేటండి అమ్మా?" అని వేళాకోళమాడాను. ఆమె నవ్వలేదు. ఆయన గ్లాసు అందుకుంటుంటే కుడిచెయ్యి వణికింది. నేను చూశాను. పెద్దమనిషి లోపం ఎత్తి చూపడం మర్యాద కాదని తలతిప్పుకున్నాను.

తర్వాత రేంజి టెస్టు, అంటే సిగ్నల్ ఎంత దూరం అందుతుందో చూడటం. కోతలైన పొలంలో స్టూలు మీద విమానం పెట్టాం. ట్రాన్స్‌మిటర్ పట్టుకుని నేను నడుచుకుంటూ పోవాలి. తోక కదిలినప్పుడల్లా ఆయన తువ్వాలు ఎత్తాలి. రీడ్ సెట్టు మూడు గట్ల అవతల తడబడింది. కొత్తది ఐదో గట్టు దాటినా తువ్వాలు లేస్తూనే ఉంది. ఎండలో పరుగున వెనక్కొచ్చాను.

"కొత్తదేనండి. ఆలోచనే అక్కర్లేదు," అన్నాను.

"నువ్వు సెప్పినావంటే అదే," అన్నారాయన.

ఆదివారం ప్రార్థన అయ్యాక పొలానికి వెళ్లాం. ఇంజిన్ గీపెట్టింది. విమానం చక్కగా నేల వదిలింది. అంతలోనే ముక్కు పైకీ కిందికీ ఊగడం మొదలైంది. ఆయన స్టిక్కు గట్టిగా పట్టుకున్నారు. పట్టుకున్నకొద్దీ చెయ్యి వణికింది, ఆ వణుకంతా తోకకి పోయింది. నేను చెయ్యి చాచేలోపే విమానం గట్టుకి కొట్టుకుంది. ఒక రెక్క రెండు ముక్కలైంది.

రూతమ్మ గారు ఖద్దరు పీలికలు ఏరుతున్నారు. నేనూ వంగి రెక్క ముక్కలు తీశాను. చివరికి, "తప్పు నాదండి. మీ చెయ్యి నిన్న చూశాను, చూడనట్టు ఊరుకున్నాను," అన్నాను.

"నువ్వు సూసినావని నాకూ తెలుసు బాబూ. నాను దాసినాను, నువ్వు ఒగ్గేసినావు," అన్నారాయన. నామీద కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది.

ఆ తర్వాత రెండు నెలలూ కొట్లో ఏ పని పట్టినా మనసు పొందూరులోనే ఉండేది. ఆదివారాలు వెళ్లి రెక్క అతికించాం. విమానంలో ఉండే రీడ్ సెట్టు రిసీవర్ సరిచేసి, నాలుగో గట్టు దాకా అందేలా చేశాను. స్విచ్చులకి బిగువైన స్ప్రింగులు వేశాను, వణికే వేలికి వాటంతటవి పడకుండా. ఈసారి టెస్టులో తువ్వాలు నేను పట్టుకున్నాను, ట్రాన్స్‌మిటర్ ఆయన పట్టుకున్నారు.

వానలకి ముందు ఆఖరి ఆదివారం అది ఎగిరింది. అందంగా ఎగిరిందని చెప్పను. మెట్లెక్కినట్టు కుదుపులతో లేచింది, కుదుపులతోనే తిరిగింది. ఆయన అరచెయ్యి పెట్టెకి ఆనించి, ఒక్కో స్విచ్చు నొక్కి వదులుతూ మూడు చుట్లు తిప్పి పొలంలో దింపారు. తర్వాత ట్రాన్స్‌మిటర్ నా చేతిలో పెట్టి, మొహం అటు తిప్పుకుని తువ్వాలుతో తుడుచుకున్నారు. నాకూ ఏడుపొచ్చింది.

రెండు సెట్లలో కొత్తదే మేలైనదని ఇప్పటికీ అంటాను. కానీ దాన్ని నా చేత్తో పరీక్షించి ఆయన చేతికిచ్చాను. ఆ తర్వాత కొట్టుకి ఏ సెట్టు వచ్చినా, బాగైందని చెప్పేముందు తెచ్చిన మనిషినే మీట తిప్పమనేవాణ్ణి. తిప్పుతుంటే సెట్టుకేసి కాదు, ఆ చేతికేసి చూసేవాణ్ణి. రూతమ్మ గారు ఏ మీటరూ లేకుండా రోజూ చేసే పని అదే. ఆమె సగం గ్లాసే ఎందుకు పోసేవారో నాకు అర్థం కావడానికి ఒక రెక్క విరగాల్సి వచ్చింది.